భవనాశి దాటనిస్తేనే

బుధవారం, ఇంకా పది రోజులు

నరసింహస్వామి జన్మనక్షత్రం స్వాతి. ఈ శ్రావణంలో అది శనివారం నాడు పడింది. అమ్మ పంచాంగంలో ఆ తేదీ పక్కన గోటితో గీత గీసి, కాఫీతో పాటు తెచ్చి నా ముందు పెట్టింది.

దీని వెనక రెండేళ్ల బాకీ ఉంది. అక్క కొడుక్కి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి, అమ్మ పసుపు గుడ్డలో తొమ్మిది రూపాయి బిళ్లలు ముడుపు కట్టింది. అహోబిలంలో తొమ్మిది నరసింహులున్నారు కదా, ఒక్కొక్కరికి ఒక్కోటి. వాడు వారంలో లేచి తిరిగాడు. ముడుపు మాత్రం దేవుడి గూట్లోనే ఉండిపోయింది. మొదటి ఏడు అమ్మ మోకాళ్లు, రెండో ఏడు నా సెలవులు. ఎండాకాలం పోదామంటే నంద్యాల వైపు ఎండలు తెలిసినవే, ఆ బండల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం.

"వానలో ఎట్లమ్మా?" అన్నాను.

"వానకి కరిగిపోతానా ఏంది? బెల్లమా నేను?" అంది.

నంద్యాలలో ఉన్న అక్కకి ఫోన్ చేస్తే బావ అందుకుని అసలు మాట చెప్పాడు. "సన్యాసులే వానాకాలం చాతుర్మాస్యమని ఒక్క చోట కూర్చుంటారు గదా బామ్మర్దీ, మనకేం తొందర?" మాట నిజమే. వానల్లో దారులు ఉండవు, ఏర్లు దాటనీయవు, కాలి కింద పురుగూ పుట్రా నలుగుతాయి. ఆ నియమం వెనక భక్తితో పాటు బుర్ర కూడా ఉంది. కానీ స్పీకర్‌లో వింటున్న అమ్మ ఊరుకోలేదు. "వాళ్లకి మొక్కులుండవు నాయనా, నాకుంది" అంది. బావ ఇంకేం మాట్లాడతాడు. కారు తానే తెస్తానన్నాడు.

రాత్రి కూర్చుని ఎవరు ఎక్కడున్నారో కాగితం మీద గీసుకున్నాను. దిగువ అహోబిలంలో ఉన్న పెద్ద గుడి ప్రహ్లాద వరదుడిది, అది ఆ తొమ్మిదిలోకి రాదు. ఆ ఊరి చుట్టుపక్కల భార్గవ, యోగానంద, ఛత్రవట నరసింహులు. అక్కడి నుంచి ఎగువ అహోబిలం సుమారు 8 కిలోమీటర్లు. ఆ దారి పక్కనే కానుగ చెట్టు కింద కారంజ నరసింహుడు. ఎగువన గుహలో అహోబిల నరసింహుడు, ఉగ్ర నరసింహుడని కూడా అంటారు. ఆ గుడి దాటి భవనాశి వాగు వెంబడి నడిస్తే వరాహ, ఇంకా పైకి మాలోల, జ్వాలా నరసింహులు. పావన నరసింహుడిది వేరే దారి, అడవి లోపలికి జీపు బాట.

కాగితం చూస్తుంటే ఒక సంగతి అర్థమైంది. తొమ్మిదిలో నాలుగు గుళ్లకి వానతో పెద్ద పేచీ లేదు. మిగిలిన ఐదింటి తాళం చెవులు భవనాశి దగ్గర, అడవి బురద దగ్గర ఉన్నాయి. ఆ మాట అమ్మకి అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆదివారం, చెప్పుల కొట్లో

యాత్ర సామాన్లలో అన్నిటికన్నా ఎక్కువ తిరిగింది చెప్పుల కోసం. నాకు స్పోర్ట్స్ బూట్లున్నాయి కదా అనుకున్నాను. కానీ ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరవు, తడి మేజోడుతో మెట్లెక్కితే మడమ బొబ్బలెక్కుతుంది. పైగా ప్రతి గుడి దగ్గరా విప్పాలి, కట్టాలి. అమ్మవి హవాయి చెప్పులు, అవి తడి బండ మీద సబ్బు ముక్కలే. చివరికి ఇద్దరికీ మడమ వెనక పట్టీ ఉండే రబ్బరు అడుగు శాండిల్స్ తీసుకున్నాం. కొట్లో కుర్రాడు రంగులు చూపిస్తుంటే అమ్మ వాటిని తిరగేసి అడుగు గాడులే చూసింది.

ఇంటికొచ్చి పరీక్ష పెట్టాను. అపార్ట్‌మెంట్ వెనక బట్టలుతికే బండ ఒకటుంది, దాని అంచున ఎప్పుడూ పాచే. నీళ్లు పోసి, గోడ పట్టుకుని దాని మీద నిలబడ్డాను. కొత్త శాండిల్ జారింది. కొత్త రబ్బరు మీద నిగనిగలాడే పొర ఒకటి ఉంటుంది, అది అరగాలి. అందుకే ఆ రోజు నుంచి ఇద్దరం వాటితోనే తిరిగాం. అమ్మ కూరగాయలకి, నేను ఆఫీసుకి. ఆఫీసులో ఒకరిద్దరు "కాలికి దెబ్బేమైనా తగిలిందా?" అని అడిగారు కూడా.

అమ్మకి మెట్ల సాధన మొదలైంది. మాది నాలుగో అంతస్తు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లిఫ్టు మానేసి ఎక్కడం. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు నొప్పి. నేను ఎక్కడం గురించే భయపడ్డాను గానీ మోకాలికి అసలు శత్రువు దిగడమే. పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగడం, చేతికర్ర ముందు మెట్టు మీద ఆనించి తర్వాత కాలు పెట్టడం, ఇవి రెండూ నాలుగు రోజుల్లో అలవాటయ్యాయి.

డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాం. అమ్మ బీపీకి పొద్దున వేసుకునే మాత్రల్లో ఒకటి నీళ్ల మాత్ర. అది వేసుకుంటే రెండు మూడు గంటలు బాత్రూము దగ్గరలో ఉండాలి. కొండ మీద అదెక్కడ? మా ఇంట్లో ఆడవాళ్లు ఇలాంటి విషయం చెప్పరు, మాత్ర మానేసి, నీళ్లు తాగడం మానేసి బయల్దేరతారు. అడిగితే తప్ప బయటపడలేదు. తనంతట తాను ఆపొద్దని చెప్పి, ఆ రెండు రోజులకి వేళ మార్చి రాసిచ్చారు డాక్టరు. మొత్తం సన్నాహంలో బాగా ఉపయోగపడిన పని ఇదే అనుకుంటాను. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మంగళవారం, సంచి

కొత్తగా కొన్న రెయిన్‌కోటు వేసుకుని షవరు కింద నిలబడ్డాను. మా అబ్బాయి వీడియో తీశాడు. ఐదు నిమిషాలకి భుజాల కుట్ల దగ్గర నుంచి నీళ్లు చొక్కాలోకి దిగాయి. కోటు గుడ్డకి వాన ఆగుతుంది, సూది వేసిన బెజ్జానికి ఎందుకు ఆగుతుంది? లోపలి వైపు కుట్ల మీద టేపు అంటించిన రకం వేరే ఉందట, ధర రెట్టింపు. కొనలేదు. బావ సలహా బాగుంది: "తడుస్తామని అనుకునే పోదాం. ఆరిన బట్ట ఒకటి భద్రంగా ఉంటే చాలు."

అప్పటి నుంచి సర్దుడు తీరే మారిపోయింది. సంచికి పైన తొడిగే రెయిన్ కవరు మీద నమ్మకం వదిలేశాం. వీపు వైపు నుంచి నీళ్లు ఎలాగూ దిగుతాయి. సంచి లోపల మందమైన ప్లాస్టిక్ కవరు పరిచి, అందులో ఒక్కొక్కరి బట్టలు విడివిడి కవర్లలో, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు. బియ్యం బస్తా లోపలి ప్లాస్టిక్ సంచీ ఇందుకు బాగా పనికొచ్చింది. ఒక్కటే షరతు: తీసుకెళ్లిన ప్రతి కవరూ లెక్కపెట్టి తిరిగి తేవాలి, అడవిలో వదలకూడదు. మొత్తం పదకొండు.

చీర దగ్గర అమ్మకీ నాకూ పెద్ద తగువు. నేత చీర తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, మెట్ల మీద అది ప్రమాదం. పాలిస్టరు చీర కట్టుకో, పది నిమిషాల్లో ఆరుతుంది అన్నాను. "వానకి పనికొచ్చేది దేవుడికి పనికిరాదు" అంది. ఆమె లెక్కలో మడికి పట్టయినా ఉండాలి, ఉతికి ఆరేసిన నూలైనా ఉండాలి. చివరికి అక్క ఫోన్లో పంచాయితీ చేసింది. నడకంతా పాలిస్టరు, చీలమండకి పైకి ఎగ్గట్టి. ముడుపు ఇచ్చే ఎగువ గుడిలో మాత్రం పట్టు, అది కవర్లో నా సంచిలో. చీర ఎక్కడ మార్చుకుంటుందన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

పూజ సామాను అమ్మ సర్దింది, అందులో నేను నేర్చుకున్నది చాలా ఉంది. వత్తులు నేతిలో నానబెట్టి మూత గట్టి స్టీలు డబ్బాలో పెట్టింది. నెయ్యి పట్టిన వత్తికి తేమ పట్టదు. అగ్గిపెట్టె వానగాలికి మెత్తబడుతుందని, పుల్లలూ గీసే పక్క అట్టా కలిపి ఖాళీ మాత్రల సీసాలో, కొంచెం బియ్యంతో సహా. కర్పూరం ఇంకో సీసాలో, బట్టలకి దూరంగా. కుంకుమ పొట్లం కట్టలేదు. తడిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి పెళ్లికి ముందు ఒకసారి మహానందిలో తన తెల్ల పరికిణీకి జరిగిన ఉదంతం చెప్పింది. నలభై ఐదేళ్ల నాటి కోపం ఇంకా చల్లారలేదు.

తిండి విషయంలో అక్క ముందే చెప్పేసింది, ఎండు జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి, బెల్లం ఉండలు తానే తెస్తానని. పులిహోర వద్దనుకున్నాం. ముసురులో మధ్యాహ్నానికే జిగురు వచ్చే భయం ఉంటుంది, పైగా పులిహోర వాసనకి కోతులు బంధువుల్లా వస్తాయి.

మందులు రెండు సెట్లు. ఒకటి నా జేబులో, ఒకటి కారులో. ఓఆర్‌ఎస్ పొట్లాలు, మోకాలి పట్టీ, దోమల క్రీము, కొబ్బరినూనె. రోజంతా తడిలో నడిస్తే కాలివేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నానిపోయి చిట్లుతుంది. రాత్రి కడిగి, పూర్తిగా ఆరాక నూనె రాస్తే మర్నాటికి నడవగలం. డబ్బు చిన్న నోట్లుగా జిప్ కవర్లో. తడి వేలితో ఫోన్ తెర నొక్కితే ఒకటి అంటే ఇంకోటి పడుతుంది, సిగ్నల్ సంగతి సరేసరి.

గురువారం, ఆరెంజి రంగు

బంగాళాఖాతంలో అల్పపీడనం. టీవీలో ఆ మాట వినగానే ఇంట్లో అందరూ నా మొహం చూశారు.

వాతావరణ శాఖ హెచ్చరికల్ని ఇన్నేళ్లూ రంగులుగానే చూశాను. ఈసారి కూర్చుని చదివాను. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఎల్లో అంటే కనిపెట్టి ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక జాగ్రత్త చర్యలకి దిగాల్సిందేనని. నంద్యాల జిల్లాకి బుధవారం నాడు ఎల్లో ఉంది, గురువారం సాయంత్రం చూస్తే శుక్రవారానికి ఆరెంజ్ అయింది, శని ఆదివారాలకి మళ్లీ ఎల్లో. పిడుగుల కోసం దామిని యాప్ కూడా వేసుకున్నాను. మనమున్న చోటుకి 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. నెట్ ఉంటేనే అనుకోండి.

దిగువ అహోబిలంలో గది కోసం మాట్లాడిన సత్రం మనిషికి మళ్లీ ఫోన్ చేశాను. ఆయన యాప్‌ల కన్నా స్పష్టంగా చెప్పాడు. "ఊర్లో వాన ఎంతైనా పడనీ సార్, దాంతో పని లేదు. కొండ పైన పడిందా లేదా అదీ లెక్క. ఈడ ఎండ కాస్తాంటాది, ఆడ భవనాశి దిగతాంటాది. మిమ్మల్ని పోనిస్తారా లేదా అనేది పొద్దున్నే చూసి చెప్తారు."

ఆ రాత్రి అమ్మని కూర్చోబెట్టి, ఎనిమిది రోజుల కింద చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. తొమ్మిదీ కాకపోవచ్చు. వాగు మోకాలు దాటితే దిగం. నీళ్ల రంగు మారితే దిగం. ఉరుము వినిపిస్తే పైకి పోం, వెనక్కి తిరుగుతాం. మధ్యాహ్నం రెండు తర్వాత కొత్తగా ఏ కొండా ఎక్కం. వెనక్కి తిరుగుదామని ఎవరంటే వాళ్ల మాటే చెల్లుతుంది, వాదించకూడదు.

అమ్మ ముడుపు విప్పి బిళ్లలు లెక్కపెట్టి మళ్లీ కట్టింది. "పోయేది ఆయన దగ్గరికే గదా. రావొద్దంటే ఆయనే చెప్తాడు" అంది. ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియలేదు.

రద్దు చేద్దామన్న ఆలోచన రాలేదా అంటే వచ్చింది. కానీ వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, ఆ లోపు అమ్మ ఇంట్లో ఉండాలి. తర్వాత వినాయక చవితి. తర్వాత ఈశాన్య రుతుపవనాలు. ఇట్లాగే కదా రెండేళ్లు గడిచింది.

శుక్రవారం, బస్సు

కొండ మీది వానకి ఇంత సిద్ధమయ్యామా, మొదట తడిసింది బస్సులో. కర్నూలు దాటాక వాన జోరందుకుంది. కిటికీ అద్దం సందులోంచి నీళ్లు కారి అమ్మ ఒడి తడిసింది. నంద్యాలలో దిగి డిక్కీ తెరిస్తే సంచులు రెండంగుళాల నీళ్లలో కూర్చున్నాయి. పైన తొడిగిన రెయిన్ కవర్లు అలాగే ఉన్నాయి, నీళ్లు కిందినుంచి వచ్చాయి. లోపలి బియ్యం సంచీ కవర్లు మాత్రం పట్టు చీరని కాపాడాయి. నా తువ్వాలు, పవర్ బ్యాంకు బయటి అరలో ఉండి పోయాయి.

బావ బస్టాండుకి వచ్చాడు. కుందూ ఏరు నిండుగా పారుతోందని చెప్పాడు.

శనివారం, స్వాతి

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఆళ్లగడ్డ దాటాక దారికి రెండు పక్కలా వరి మడులు నీళ్లతో మెరుస్తున్నాయి, ఎదురుగా నల్లమల కనిపించాలి, మబ్బే కనిపించింది. ఒకచోట రోడ్డు మీదుగా వంక పారుతోంది. బావ కారాపి, ముందు ఒక ట్రాక్టరు, ఒక ఆటో దాటేదాకా చూసి, ఆటో చక్రం ఎంత మునిగిందో చూసి అప్పుడు కదిలాడు. పది నిమిషాలు పోయాయి. వెనక కారులో కుర్రాళ్లు హారన్లు కొట్టారు.

దిగువ గుడిలో ప్రహ్లాద వరదుడి దర్శనం నిదానంగా అయింది. ఎగువకి పోతూ కారంజుడి దగ్గర ఆగాం. నరసింహుడి చేతిలో విల్లు ఉండేది ఇక్కడే. అమ్మ మొదటి బిళ్ల హుండీలో వేసింది. కారు నుంచి గుడికి పట్టుమని యాభై అడుగులు. "ఇట్లుంటే తొమ్మిదీ పొద్దున్నకే ఐపోతాయి" అంది అక్క. అమ్మ చురుగ్గా చూసింది.

ఎగువ అహోబిలం చేరేసరికి వాన తగ్గి తుంపర మిగిలింది. కానీ చప్పుడు! గుడి పక్కన భవనాశి బండల మీద పడి పారుతున్న చప్పుడుకి పక్క మనిషి మాట వినపడలేదు. చీర సమస్య అక్కడ తేలింది: అక్క, ఇంకో ఇద్దరు తెలియని ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడితే ఐదు నిమిషాల్లో అమ్మ పట్టుచీరలో బయటికొచ్చింది. ఆ ఇద్దరిదీ జమ్మలమడుగట. వాళ్లలో పెద్దామె కూడా తర్వాత అదే దుప్పటి చాటుకి వెళ్లింది.

గుహలో స్వామి హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తూ ఉంటాడు, ఎదురుగా ప్రహ్లాదుడు. దేవతలు ఆ బలం చూసి "అహో బలం" అన్నారని ఒక మాట, ఈ గుహని చూసి "అహో బిలం" అన్నారని ఇంకో మాట. దీపం వెలుగులో, బయట ఆ నీళ్ల చప్పుడులో నిలబడితే రెండూ నిజమే అనిపిస్తాయి. అమ్మ ముడుపు గుడ్డ విప్పింది. రెండో బిళ్ల ఇక్కడ. గుడ్డ కూడా ఇక్కడే ఇచ్చేయాలని మొదటి ఆలోచన. ఏమనుకుందో, మిగిలిన ఏడూ మళ్లీ అదే గుడ్డలో కట్టి నడుములో దోపుకుంది.

బయటికొచ్చి చీర మళ్లీ మార్చి, దారి చూపడానికి అక్కడి పెద్దాయన ఒకరిని మాట్లాడుకున్నాం. అరవై దాటి ఉంటాయి, ఒట్టి కాళ్లు. డోలీ వాళ్లు అడిగారు గానీ తడి బండల మీద నలుగురు మోస్తూ జారితే ఎట్లా అని అమ్మే వద్దంది. వరాహ నరసింహుడి దారిలో కొంత దూరం నడిచాం. రాళ్లు, వేర్లు, మధ్యలో నీళ్లు. ఒకచోట వాగు దాటాలి. నాకైతే మోకాలి లోతే అనిపించింది, ఇద్దరు ముగ్గురు దాటుతున్నారు కూడా.

పెద్దాయన దాటనివ్వలేదు. ఒక పుల్ల విరిచి సరిగ్గా నీటి అంచున గుచ్చాడు. "కూసోండి. బెల్లం తినండి" అన్నాడు. మేం ఉండలు తిన్నాం, ఆయనకీ పెట్టాం. పది నిమిషాలకి పుల్ల చూస్తే అది నీళ్లలో ఉంది, అంచు జానెడు ఇవతలికి వచ్చేసింది. "రంగు చూడండి సార్, ఇందాక తేటగుండె, ఇప్పుడు టీ మాదిరి ఐతాంది. ఆకులూ పుల్లలూ వస్తాండాయి. పైన పడతాంది వాన." మా నెత్తిన చినుకు కూడా లేదు. అవతలికి దాటిన వాళ్లని కేకలేసి వెనక్కి పిలిచాడు, ఒకతను నడుం లోతులో కర్ర పట్టుకుని వచ్చాడు. ఇంకో పావుగంటకి ఆ చోట బండలు కనపడలేదు. నీళ్ల కింద రాళ్లు దొర్లుతున్న చప్పుడు, దూరంగా బండి పోతున్నట్టు, కాళ్లకి తెలిసింది.

వాదించకూడదన్న నియమం నేనే పెట్టాను. నోటిదాకా వచ్చింది, మింగాను. అమ్మ అప్పటికే వెనక్కి తిరిగి, నేర్చుకున్నట్టే కర్ర ముందు ఆనించి అడ్డంగా దిగుతోంది.

సాయంత్రం నాలుగింటి నుంచి గదిలోనే. బట్టలు పిండి, ఫ్యాను కింద దండెం కట్టి ఆరేశాం. 1515 డిసెంబరులో కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించాడని శాసనం ఉందని చెప్పాను. జొన్న రొట్టె విరుస్తున్న అమ్మ ఆగింది. "డిసెంబరా? చూడు, రాజులే వానలు పోయినాక వచ్చినారు" అంది. ఈ మాట పది రోజుల ముందు అని ఉంటే బావ ఎంత సంతోషించేవాడో.

ఆదివారం

రాత్రి వాన లేదు. ఐదున్నరకే ఎగువకి పోయాం. పెద్దాయన ముందుగానే వెళ్లి చూసొచ్చాడు, నీళ్లు దిగాయి, రంగు తేరింది. నిన్నటి చోట మోకాలి కిందికి. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని దాటాం, చేతివేళ్లు కాదు మణికట్టే పట్టుకోమన్నాడు, తడి వేళ్లు జారిపోతాయట. వరాహ నరసింహుడిది చిన్న గుడి, కొండ కింద ఒదిగి ఉంటుంది. మూడో బిళ్ల.

మాలోలుడి దాకా అమ్మ ఎక్కుతుందని నేను అనుకోలేదు. ఇరవై అడుగులు, ఆగడం. మళ్లీ ఇరవై. మబ్బు మా కిందికి దిగింది, లోయంతా పాలు పోసినట్టు. మా అంటే లక్ష్మి, ఆమె మీద మనసుపడ్డ స్వామి కనుక మాలోలుడు. తొమ్మిది మందిలో శాంతంగా ఉండేవాడు. ఇక్కడి ఉత్సవమూర్తి కొండ మీద ఉండడు. అహోబిల మఠం పీఠాధిపతి అయిన జీయరు వెంట ఊరూరూ తిరుగుతుంటాడు. ఆరొందల ఏళ్లకి పైగా, మొదటి జీయరు కాలం నుంచీ, ఇదే ఆచారమని చెబుతారు. వాళ్లకీ చాతుర్మాస్యం ఉంటుంది కదా, ఇప్పుడు స్వామి ఎక్కడో ఒక ఊళ్లో కదలకుండా కూర్చుని ఉంటాడు అని బావ నా చెవిలో అన్నాడు. అమ్మకి వినపడనివ్వలేదు.

జ్వాలా నరసింహుడి వైపు చూశాం. అక్కడ కొండ పైనుంచి పడే జలపాతం పక్కగా పోవాలి. దూరానికి తెల్లటి పంచె ఆరేసినట్టుంది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఎవరూ ఏమీ అడగలేదు. పావనుడి జీపు బాట బురదలో కూరుకుపోయిందని పొద్దునే చెప్పారు.

దిగేటప్పుడు నేను జారాను. అమ్మ కాదు, నేను. ఫోటో తీస్తూ. మోచెయ్యి గీసుకుపోయింది, ఫోన్ బతికింది. అమ్మ తన సంచిలోంచి పసుపు తీసి అద్ది, "అడుగు చూసి కొనుక్కుంటే సరిపోదు, అడుగు చూసి వేయాల" అంది. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

మధ్యాహ్నం దిగువన యోగానందుడు, ఛత్రవటుడు. రెండు గుళ్లకీ కారు దాదాపు ముంగిటిదాకా పోతుంది. ఛత్రవటుడి మొహంలో చిరునవ్వు ఉంటుంది. హాహా హూహూ అనే గంధర్వుల పాట వింటున్నాడట. ఎడమ చేతితో తాళం వేస్తున్నట్టే ఉంటుంది. అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుంది. ఆరో బిళ్ల. భార్గవుడి వైపు మళ్లితే మట్టి బాటలో చక్రం దిగబడింది, బావ వెనక్కి తీయడానికే అరగంట. అప్పటికి రెండు దాటింది. నియమం గుర్తుచేయడానికి ఎవరూ నోరు తెరవకముందే అమ్మ "పాండి ఇంటికి" అంది.

మంగళవారం, హైదరాబాదు

సంచి విప్పి ఆరేశాను. వాడని వాటిలో రెయిన్‌కోటు ఒకటి, ఉక్కపోతకి విప్పేసి సంచిలో పెట్టుకున్నాను. ఓఆర్‌ఎస్ రెండు పొట్లాలు మిగిలాయి. దోమల క్రీము అయిపోయింది. శాండిల్స్ రాత్రికి ఆరిపోయాయి. కవర్లు పదకొండూ తిరిగొచ్చాయి. ఒకదాంట్లో అక్క నాకు తెలియకుండా శెనక్కాయల పొడి పోసి పంపింది. లోపల పెట్టడం మర్చిపోయిన పంచాంగం తడిసి అట్టలా అతుక్కుపోయింది.

అమ్మ వరలక్ష్మీ వ్రతానికి దేవుడి గూడు కడిగి సర్దుతోంది. పసుపు గుడ్డ మళ్లీ అక్కడే కనిపించింది. విప్పి చూస్తే మూడు బిళ్లలు.

"జ్వాలా, పావన, భార్గవ" అంది వేళ్లు మడుస్తూ. "మార్గశిరంలో స్వాతి ఎప్పుడొచ్చిందో చూడు. కొత్త పంచాంగం తే ముందు."

బావకి ఫోన్ కలిపిచ్చాను. జీపు సంగతి మాట్లాడుకుంటున్నారు.